ముద్ర లేని పాటలు

మన వాగ్గేయకారులు పాట ముగియుచోట తమ గుర్తొకటి యుంచి పోయిరి. త్యాగరాజస్వామి తన పేరునే చేర్చెను. క్షేత్రయ్య మువ్వగోపాలుని తలచెను. అన్నమాచార్యులు వేంకటేశ్వరుని నామముతో పదమును ముగించెను. దీనినే ముద్ర యందుము. ముద్రయున్న పాట యెంత దూరము పోయినను, ఎవరి నోట పలికినను, తన కర్తను వెంటబెట్టుకొనియే పోవును. ముద్ర లేని పాటల మాట వేఱు. తిరుగలి త్రిప్పుచు, రోట దంచుచు, ఉయ్యెల నూచుచు ఆడువారు కట్టిన పాటలలో పెక్కింటికి ముద్ర లేదు. అట్టివానిని జానపద గేయములని యొక్క మాటతో పిలిచి యూరకుందుము. జానపదమనగా ఎవరిదియు కానిదని కొందఱి తలంపు.

ఈ తలంపువలన ఎవరికేమి నష్టము కలుగునో తెలిసికొనుటకు అమెరికా దేశపు జానపద గేయముల చరిత్రము మిక్కిలి యుపకరించును. అచ్చట గడచిన నూఱేండ్లలో ఆ పాటలు యంత్రములకెక్కి, రికార్డులై, అంగళ్ళకు వచ్చినవి. పాటకు వెల వచ్చిననాడు పాట యెవరిదను ప్రశ్నయు వచ్చినది. ఆ కథలో ముఖ్యపాత్రలు చాలవఱకు మనవంటి ఇల్లాండ్రే యగుటచే, ఈ నెల దానిని ముచ్చటింప దలచితిమి.

అమెరికా తూర్పుభాగమున అపలాచియన్ పర్వతశ్రేణి కలదు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములనుండి వలస వచ్చినవారు ఆ కొండలోయలలో కాపురములు పెట్టి, తాతలనాటి కథాగేయములను తమతో తెచ్చుకొనిరి. బానిసలుగా కొనిరాబడిన ఆఫ్రికావారు తమ పాటను, తమ లయను, బాంజో యను వాద్యమునకు మూలమైన తంత్రీవాద్యమును తెచ్చిరి. ముఖ్యముగా ఈ రెండు ప్రవాహములు కలిసి పాఱుటచేతనే ఆ దేశపు జానపద సంగీతము రూపొందినది. పుస్తకము లేని యింట తల్లియే పుస్తకము. పాలు పిదుకుచు, నూలు వడకుచు ఆమె పాడిన పాట కూతునకును, కూతునుండి మనుమరాలికిని చేరుచు వచ్చెను.

1916 మొదలు 1918 వఱకు సెసిల్ షార్ప్ అను ఆంగ్ల సంగీతవిద్వాంసుడు మాడ్ కార్పెలెస్ అను సహాయకురాలితో ఆ కొండలలో తిరిగెను. ఎవరైన పాడుచుండగా ఆయన స్వరము వ్రాసికొనెడివాడు. ఆమె మాటలు వ్రాసికొనెడిది. వారికంటె ముందే ఆలివ్ డేమ్ కాంబెల్ అను నామె ఆ పాటలను సేకరించుచుండెను. 1917లో వెలువడిన సంకలన గ్రంథముపై ఆమె పేరును, షార్ప్ పేరును కలిసియే యున్నవి. నార్త్ కరొలినా రాష్ట్రమున హాట్ స్ప్రింగ్స్ అను ఊర జేన్ హిక్స్ జెంట్రీ యను గృహిణి యొక్కతెయే వారికి డెబ్బదికి చేరువగా పాటలు వినిపించెను. ఆ గ్రంథమున మెచ్చవలసిన గుణమొకటి కలదు. పాటతోబాటు పాడినవారి పేరు, ఊరు, తేదీ అచ్చుపడినవి. పాడినవారు ముద్ర వేసికొనకున్నను, వ్రాసికొన్నవారు వేసి పెట్టిరి. ఐనను షార్ప్ వెదకినది ఇంగ్లీషు మూలముగల పాటలనే యగుటచే, ఆ ప్రాంతముననే నివసించిన నల్లజాతివారి పాటలు చాలవఱకు ఆ పుస్తకమునకు వెలుపలనే నిలిచిపోయినవి.

పిమ్మట రికార్డులవారు వచ్చిరి. 1927లో జూలై నెల చివఱను, ఆగస్టు మొదటను, టెనెసీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దున నున్న బ్రిస్టల్ పట్టణమునకు రాల్ఫ్ పీర్ అను నతడు విక్టర్ కంపెనీ పక్షమున యంత్రములతో వచ్చి, చుట్టుప్రక్కల పాటకులను పిలిపించెను. మైకు ముందు పాడగా ఆ ధ్వని మైనపు పలకపై గీతగా చెక్కబడును. దానినుండి అచ్చు తీసి రికార్డులు పోయుదురు. పది అంగుళముల రికార్డు ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషములు మాత్రమే పలుకును. ఇరువది ముప్పది చరణముల కథాగేయము అందులో నెట్లిముడును? కత్తిరింపక తప్పదు. ఇంట తీరికగా సాగిన పాట రికార్డుకొఱకు పొట్టియైనది. నేడు మనము ఆ పాటలను విని, వాని సహజరూపమే యింతయని భ్రమపడరాదు.

ఆ బ్రిస్టల్ పట్టణమునకే మేసెస్ స్ప్రింగ్ అను పల్లెనుండి ఏ.పీ. కార్టర్ అను నతడును, ఆయన భార్య సారాయు, మేబెల్ అను పడుచును ఆగస్టు 1వ తేదీన వచ్చి, ఆ దినమును మఱునాడును ఆఱు పాటలు పాడిరి. మేబెల్ సారాకు చుట్టరికమున చెల్లెలు, పైగా తోడికోడలు. సారా చంకలో చంటిబిడ్డ. మేబెల్‌కు పదునెనిమిదేండ్లు, నిండు గర్భిణి. ముఖ్యగానము సారాది. మేబెల్ బొటనవ్రేలితో గిటారు మంద్రతంత్రులపై పాటను పలికించుచు, తక్కిన వ్రేళ్ళతో పై తంత్రులపై లయ నడిపెడిది. ఒక్క వాద్యమే రెండై వినవచ్చెడిది. తరువాతి తరములలో గిటారు పట్టినవా రెందఱో ఈ పద్ధతిని నేర్చుకొనిరి.

పీర్ వారికి పాటకు ఏబది డాలర్లిచ్చెను. అదిగాక, పాట ప్రచురణహక్కుపై వచ్చు రాబడిలో భాగమిత్తునని యేర్పాటు చేసెను. మెలికయంతయు ఇందే యున్నది. హక్కు రాబడి రావలెనన్నచో పాట యొకరి పేర నమోదు కావలెను. అంతకుముందెవ్వరును నమోదు చేయని పాట కావలెను. అందుచే ఏ.పీ. కార్టర్ ఇంటింటికి తిరిగి పాత పాటలు వెదకి తెచ్చుచుండెను. లెస్లీ రిడిల్ అను నల్లజాతి సంగీతజ్ఞుడు ఆయనకు తోడుగా పోయెడివాడు. ప్రమాదమున ఒక కాలు పోయినవాడు, గిటారున దిట్ట. కార్టర్ మాటలు వ్రాసికొనెడివాడు, రిడిల్ వరుస జ్ఞాపకముంచుకొనెడివాడు. ఇంటికి వచ్చి ఆ వరుసను సారాకు, మేబెల్‌కు వినిపించెడివాడు. ఇట్లు దొరకిన పాటలు పెక్కు ఏ.పీ. కార్టర్ పేర నమోదైనవి. పాడి వినిపించిన అవ్వలకు గాని, వరుస మోసికొనివచ్చిన రిడిల్‌కు గాని అందు పేరు లేదు. 1965లో మైక్ సీగర్ అను సంగీతజ్ఞుడు వెదకికొని పోయి ఆయన పాటలను రికార్డు చేయువఱకు రిడిల్‌ను తలచినవారు తక్కువ.

కార్టరును దొంగయనుట మా యుద్దేశము గాదు. చెదరిన చరణములను కూర్చి, తప్పిపోయినచోట తానల్లి, ఆయన నిలువబెట్టని యెడల ఆ పాటలలో ఎన్నియో మట్టిలో కలిసియుండెడివి. కాని నమోదుపుస్తకమున ఒక్క పేరునకే చోటున్నది. పాటకు మాత్రము పదిమంది తల్లులున్నారు. ఈ చిక్కును మఱియొక స్త్రీ జీవితమున మఱింత స్పష్టముగా చూడవచ్చును.

ఎలిజబెత్ కాటెన్ 1893లో నార్త్ కరొలినాలో చాపెల్ హిల్ సమీపమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. అన్న యింటలేని వేళ కనిపెట్టి అతని బాంజో తీసి వాయించుచు నేర్చుకొనెను. ఎడమచేతి వాటము గలది, నేర్పువారు లేరు. కుడిచేతివారికొఱకు తంత్రులు కట్టిన వాద్యమును తలక్రిందుగా పట్టుకొనెను. లోకము బొటనవ్రేలితో మీటు తంత్రులను ఆమె వ్రేళ్ళతోను, వ్రేళ్ళతో మీటు తంత్రులను బొటనవ్రేలితోను మీటెడిది. చిన్నతనముననే పరుల యింట పనికి కుదిరి, కూలి కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లకు గిటారొకటి కొనుక్కొనెను. ఇంటి దాపున పోవు రైలు చప్పుడు వినుచు, పండ్రెండేండ్లు నిండునో నిండదో యను వయసున 'ఫ్రెయిట్ ట్రెయిన్', అనగా గూడ్సుబండి, అను పాట కట్టెను.

1910లో వివాహమయ్యెను, కూతురు పుట్టెను. లౌకికమైన పాటలు తగవని చర్చివారు చెప్పిరి. గిటారు మూలబడెను. ఆడుదాని చేతినుండి వాద్యము నెవరును లాగుకొననక్కఱలేదు. ఇంటిపనియు, నలుగురి మాటయు చాలును. ఈ సంగతి మన పాఠకురాండ్రకు వివరింప నవసరము లేదు. ఇట్లు దశాబ్దములు గడచినవి.

1940ల చివఱ ఆమె వాషింగ్టన్ నగరమున నొక పెద్ద అంగడిలో పని చేయుచుండగా, తప్పిపోయిన బాలిక కనబడెను. ఆమె ఆ పిల్లను తల్లి కప్పగించెను. ఆ బాలిక పెగ్గీ సీగర్. పైన చెప్పిన మైక్ సీగరు ఆమె అన్న. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్ స్వయముగా సంగీతరచయిత్రి. రికార్డులు విని జానపద గేయములకు స్వరలిపి వ్రాసిన విదుషి. ఈ పరిచయముచే కాటెన్ ఆ యింట వంటకును, ఇతరపనులకును కుదిరెను. గోడకు వ్రేలాడు గిటారును ఒకనాడు తీసి, మఱచితిననుకొన్న పాటను మరల వాయించెను. ఆ యింటివారందఱును జానపద సంగీతమున నిష్ణాతులు. దేశమంతయు వెదకుచున్న సంగీతము తమ వంటయింటనే యున్నదని వారికి కొంతకాలమునకు గాని తెలియలేదు.

1950ల రెండవభాగమున మైక్ సీగర్ టేపుయంత్రమును ఆమె యింటికే కొనిపోయి, పడకగదిలో ఆమె పాటలను రికార్డు చేసెను. స్టూడియో లేదు, గడియారము చూచి తొందరపెట్టువారు లేరు. టేపు వచ్చిన పిమ్మట మూడు నిమిషముల నిర్బంధము తొలగినది. ఇల్లాలి పాటను ఇంటనే పట్టుట సాధ్యమైనది. 1958లో ఫోక్‌వేస్ సంస్థవారు దానిని రికార్డుగా వెలువరించిరి. అప్పటికామె వయసు అఱువదియైదేండ్లు.

కాని ఆ రికార్డు రాకమునుపే గూడ్సుబండి పాట సముద్రము దాటెను. పెగ్గీ ఇంగ్లండులో దానిని పాడెను, విన్నవారు నేర్చుకొనిరి. 1957లో అచ్చటి బృందమొకటి పాడిన రికార్డు ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధికెక్కెను. ఆ పాటకు కర్తలమని ఇంగ్లండులో నిద్దఱు హక్కు నమోదు చేసికొనిరి! కట్టిన యామె అప్పటికి సజీవురాలై వాషింగ్టన్ నగరమున పరుల యింట పని చేయుచునే యుండెను. జానపదమన్న మాట యెంత పని చేసినదో చూడుడు. సీగరు కుటుంబమువారు పూనుకొని వాదించినమీదట గాని ఆ పాటపై ఆమె పేరు చేరలేదు. ఆమె పాటకు ముద్ర లేకపోయెను గాని సాక్షులుండిరి. సాక్షులు లేనివారి సంగతి యేమి?

1967లో వెలువడిన ఆమె రెండవ సంపుటమున 'షేక్ షుగరీ' అను పాట కలదు. రాత్రివేళ పండుకొనబోవు మునిమనుమలు తలయొక చరణము కల్పింపగా ఆ పాట యైనది. సంపుటమున దానిని పాడినది పండ్రెండేండ్ల మునిమనుమరాలు బ్రెండా ఎవాన్స్. ఆ పిల్ల పేరు రికార్డుపై నున్నది. తన పేరు పోగొట్టుకొని తిరిగి పొందిన యామె, పిల్ల పేరు పోనీయలేదు. పాటలవలన వచ్చిన ధనముతో కాటెన్ న్యూయార్కు రాష్ట్రమున సిరక్యూస్ నగరమందు సొంత యిల్లు కొనుక్కొనెను. 1984లో ఆ దేశప్రభుత్వపు జాతీయ వారసత్వ పురస్కారమును, 1985లో గ్రామీ బహుమతిని పొంది, 1987లో మరణించెను. బహుమతులకంటె ఆ సొంతయిల్లే మాకు గొప్పగా తోచుచున్నది. పరుల యిండ్లు తుడిచిన చేతులకు పాట యొక నీడ కల్పించినది; పేరు నిలువని యెడల అదియు లేదు.

పేరును పరు లపహరించుట యొకటి. తానే దాచుకొనుట మఱియొకటి. జీన్ రిచీ 1922లో కెంటకీ రాష్ట్రమున వైపర్ అను కొండపల్లెలో పదునలుగురు సంతానములో కడగొట్టు బిడ్డగా పుట్టెను. ఇంటిల్లిపాది పాడువారే. డల్సిమర్ అను కొండసీమ తంత్రీవాద్యమును ఒడిలో నుంచుకొని వాయించుచు, 1952లో మొదటి సంపుటమును రికార్డు చేయించెను. ఆ కాలముననే విద్యార్థివేతనము పొంది, తమ పాటల పుట్టిల్లు వెదకుచు బ్రిటన్, ఐర్లండులకు పోయెను. ఆమె సొంతముగాను పాటలు వ్రాసినది. బొగ్గుకొఱకు కొండలను పైనుండి తొలిచివేయగా నల్లబాఱిన వాగులనుగూర్చి యొకటి, గనులు మూతపడి రైలు నిలువని ఊరిగూర్చి యొకటి. అట్టి పాటలు కొన్నింటిని ఆమె థాన్ హాల్ అను పేరుతో వెలువరించెను. అది ఆమె మాతామహుని పేరు. ఇట్టి వివాదపు పాటలు కూతురు వ్రాసినదని తెలిసినచో తల్లి కలతపడునని యొక కారణము. పురుషుని పేరున్నచో లోకము మన్నించునని మఱియొక కారణము. రైలు నిలువని ఊరి పాటను 1979లో సుప్రసిద్ధ గాయకుడు జానీ క్యాష్ రికార్డు చేసెను. ఆయన యెవరనుకొంటిరి? బ్రిస్టల్‌కు నిండుగర్భముతో పోయిన మేబెల్‌కు అల్లుడు.

మన పిల్లలకు చేరిన పాటయు నొకటి యీ కథలో నున్నది. 'వుయ్ షల్ ఓవర్‌కమ్' అను ఆంగ్లగేయమును, 'హమ్ హోంగే కామ్‌యాబ్' అను దాని హిందీ రూపమును మన పాఠశాలలలో పిల్లలు ఎలుగెత్తి పాడుదురు. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే మే మెన్నిమారులో వింటిమి. 1945-46లో సౌత్ కరొలినాలో చార్ల్‌స్టన్ నగరమందు పొగాకు కర్మాగారపు కార్మికులు సమ్మె చేసిరి. వారిలో నల్లజాతి స్త్రీలు పెక్కండ్రు. లూసిల్ సిమన్స్ అను నామె పాత భక్తిగీతమొకదానిని సమ్మెలో నిలిచినవారికొఱకు విలంబకాలమున పాడెడిది. టెనెసీలోని హైలాండర్ పాఠశాలలో జిల్ఫియా హార్టన్ ఆ పాటను నేర్చుకొని నలుగురికి నేర్పెను. 1960 ప్రాంతమున అది నల్లజాతివారి హక్కుల ఉద్యమమునకు గీతమైనది. అప్పుడు హార్టన్‌తో కలిపి నలుగురి పేర దాని హక్కు నమోదైనది. ఇతరులు కాజేయకుండుటకే యట్లు చేసితిమని వారు చెప్పిరి. రాబడిని సొంతమునకు వాడుకొనక ఉద్యమనిధికే యిచ్చిరి. అంత మంచి మనసుతో చేసిన నమోదులోను లూసిల్ సిమన్స్ పేరు లేదు. 2018లో న్యాయస్థానపు వివాదము రాజీతో ముగిసి, ఆ పాట యందఱి సొత్తని ఒప్పుకొనబడినది.

దీనినిబట్టి మాకు తోచిన దొక్కటే. పాటకు కంచె వేయుట వేఱు, పేరు చెప్పుట వేఱు. జానపద గేయము నోటినుండి నోటికి పోవుచు మాఱుచుండుటచేతనే బ్రదుకును; ప్రతి పాటకును తాళము వేసినచో మన యుయ్యెలపాటలు మనకే దక్కవు. కాని పాట యందఱిదైనంతమాత్రమున పాడినయామె ఎవ్వరును కాకుండ పోదు. వాల్మీకి కావ్యమును కుశలవులు లోకమంతటను పాడిరి. పాడినవారిని లోకము మఱువలేదు, రచించినవానిని మఱువలేదు. రికార్డు కంఠమును మాత్రమే నిలుపును. పేరును నిలుపవలసినది మనుష్యులే.

నేడు ప్రతి యింటను చేతిఫోనున్నది. బ్రిస్టల్‌కు మోసికొనివచ్చిన యంత్రము చేసిన పనిని అది యింకను చక్కగా చేయును. ఇంటి అవ్వచేత పాట పాడించునపుడు, ముందు ఆమె యనుమతి నడుగుడు. ఆమె నోటనే పేరు, పుట్టినయూరు, ఆ పాట నెవరివలన నేర్చినదియు, ఏ పనివేళ పాడెడిదియు చెప్పించి, పిమ్మట పాడింపుడు. చరణములు తగ్గింపకుడు, తప్పని తోచిన మాటను దిద్దకుడు. మీరొక చరణము చేర్చినచో అది మీదని వేఱుగా చెప్పుడు. నలుగురికి పంపునపుడు ఆ పేరును పాటనుండి విడదీయకుడు. ఆ వివరములనే పిల్లల నోటుపుస్తకమున నొకచోట వ్రాసియుంచినచో ఫోను పాడైనను పోవు. అట్లు వ్రాసియుంచిన సోదరీమణులు ఒక్క పాటనైనను, పాడినయామె పేరుతో, మాకు పంపుదురుగాక. రాబోవు నెలలలో ఈ శీర్షికయందు ఆ పేరుతోనే ప్రకటింతుము.